ఉయ్యాలవాడ: ఒక ఊరు, ఇద్దరు రెడ్లు

ఎఱ్ఱసిరాతో నేను వ్రాసిన ఒక మాటతో ఈ వ్యాసమును మొదలిడుచున్నాను. ఆ మాట "తప్పు".

ఇరువదియేండ్ల క్రిందటి సంగతి. నంద్యాలలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు "మన ప్రాంతపు వీరుడు" అను విషయముపై వ్యాసము వ్రాయుమని చెప్పితిని. ఈ ఊరి తరగతిగదిలో అట్టి విషయమిచ్చినచో ఏ పేరు వచ్చునో వేఱుగా చెప్పనక్కఱలేదు. నూటికి తొంబదిమంది ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని గూర్చియే వ్రాసిరి. అందఱును ఆయనను సింహమనిరి. భారత స్వాతంత్ర్యమునకై తెల్లవారితో పోరాడిన ప్రథమ వీరుడనిరి. ఆళ్లగడ్డ వైపు పల్లెనుండి వచ్చిన బాలుడొకడు మాత్రము వేఱొక త్రోవ త్రొక్కెను. నరసింహారెడ్డి తనకు రావలసిన పింఛను కుంఫిణీవారు ఈయకపోవుటచే తిరుగబడెననియు, దానిని దేశస్వాతంత్ర్య సమరమనుట తరువాతివారు చేర్చిన మాటయనియు వాడు వ్రాసెను.

నేను ఆ వాక్యము క్రింద గీత గీచి, "తప్పు" అని వ్రాసి, మార్కులు కోసితిని. వాడు కాగితము చేతబట్టుకొని బల్లయొద్దకు వచ్చెను.

"పింఛను సంగతి అబద్ధమా సార్?"

"అబద్ధము కాదు. కాని అట్లు వ్రాయగూడదు."

"అబద్ధం కానిది రాస్తే తప్పెట్లయితాది సార్?"

అంతలో గంట కొట్టిరి. నేను పుస్తకములు సర్దుకొని బయటికి వచ్చితిని.

ఆ ప్రశ్నకు ఆనాడు నాయొద్ద జవాబు లేదు. పదవీవిరమణకు దగ్గఱపడుచున్న ఈ రోజులలో, పాఠశాలలలోని ఉపాధ్యాయ మిత్రులకును వారియొద్ద చదువుకొను పిల్లలకును పనికివచ్చునేమోయని, నాకు దొరకిన జవాబును ఇచ్చట వ్రాయుచున్నాను. అది ఒక్క జవాబు కాదని ముందే చెప్పుట మంచిది.

మొదట జరిగినది చూతము. నరసింహారెడ్డి పాళెగాండ్ర వంశమువాడు. నొస్సము పాళెగాడైన జయరామిరెడ్డి ఆయనకు మాతామహుడు. పాళెములు కుంఫిణీవారి వశమైన తరువాత ఆ కుటుంబములకు నెలనెలా భరణము నిచ్చుచుండిరి. నరసింహారెడ్డి వంతునకు వచ్చినది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. జయరామిరెడ్డి అనంతరము నొస్సమువారి భరణము సర్కారులో కలిసిపోయినది. తన వంతు తెప్పించుకొనుటకు మనిషిని పంపగా కోయిలకుంట్ల తహసీలుదారు అవమానించి త్రిప్పిపంపెనని కథ చెప్పుదురు. 1846 జూలై నెలలో నరసింహారెడ్డి వందలకొలది జనముతో కోయిలకుంట్ల ఖజానాపై పడెను. తహసీలుదారు చంపబడెను. అటుపిమ్మట కుంఫిణీ సైన్యములకును ఆయనకును గిద్దలూరు మొదలైన చోట్ల పోరు జరిగినది. నల్లమల అడవులలో కొంతకాలము తిరిగి, అక్టోబరు 6వ తేదీన పేరుసోముల యొద్ద పట్టుబడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోయిలకుంట్లలో, జుర్రేటి యొడ్డున, వేలమంది చూచుచుండగా ఉరితీసిరి. తలను మాత్రము దింపలేదు. 1877 వరకును, అనగా ముప్పదియేండ్లు, అది అట్లే వ్రేలాడుచుండెనని చెప్పుదురు.

ఈ కథకు రెండు వైపులనుండియు అతుకులు పడినవి. పట్టుబడిన వారిలో వందమందికి పైగా శిక్షలు పొందిరి. కొందఱిని అండమాను దీవులకు పంపిరని పలువురు వ్రాయుచున్నారు. మన పిల్లలును పరీక్షలలో వ్రాయుచున్నారు. కాని అండమానులో ఖైదీల స్థావరము 1857 సిపాయిల తిరుగుబాటు తరువాత, 1858లో ఏర్పడినది. 1847లో అచ్చటికి ఎవరిని పంపుటకును వీలులేదు. ఇట్టివి చిన్నపొరపాట్లే. అయినను ఉపాధ్యాయుడు వీనిని దిద్దవలెను. దిద్దినంతమాత్రమున వీరుని వీరత్వమేమియు తఱుగదు.

ఇక అభిప్రాయములు. కుంఫిణీ ఉద్యోగులు వ్రాసిన కాగితములలో ఇది ఒక పింఛనుదారుడు చేసిన అల్లరి. ఆ కాలమున కోయిలకుంట్ల కడప జిల్లాలోనిది. 1858లో గాని కర్నూలులో కలియలేదు. కావున ఈ సంగతులు తెలియగోరువారు కడప కలెక్టరుగా నుండిన కాక్రేను దొర కాలపు కాగితములు చూడవలెను గాని కర్నూలువి కాదు. దీనికి ఎదురుగా నున్నది జనుల పాట. అందు నరసింహారెడ్డి రేనాటి సూర్యుడు. ఇటీవలి కాలమున ఈ రెండవ చూపే గెలిచినది. 2019లో "సైరా నరసింహారెడ్డి" చలనచిత్రము వచ్చినది. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయమునకు ఆయన పేరు పెట్టిరి. నెలకు పదునొకండు రూపాయల భరణమునకై కాళ్లరిగినవాని పేరిట నేడు విమానములు దిగుచున్నవి.

నా విద్యార్థి మొదటి చూపును పట్టుకొనెను, నేను రెండవదానిని. ఇద్దఱమును ఒక మాటను సరిగా చూడలేదు. పింఛను అను మాటయే ఆ మాట. ఆనాటి మన సీమ వాడుకలో దానిని తవర్జీ అనిరి. నేడు పింఛనన్నంతనే ఉద్యోగము చేసి విరమించిన వాడు నెలనెలా పుచ్చుకొను సొమ్ము మనకు తోచును. తవర్జీ అట్టిది కాదు. ఒకని పాళెమును, కోటను, బంట్లను, కావలి హక్కులను తీసికొని, వానికి బదులుగా విదిల్చిన సొమ్మది. అది ఆగినదనగా జీతమాగుట కాదు, చేసిన ఒడంబడికను ఒకవైపువారు త్రోసివేయుట. కావున "పింఛనుకొఱకు తిరుగబడెను" అను వాక్యములో అక్షరము అబద్ధము లేదు. కాని ఆ వాక్యము చదివిన నేటి పిల్లవాని మనస్సులో మెదలు బొమ్మ మాత్రము అబద్ధము. దానిని విడమరచి చెప్పవలసిన పని నాది. నేను "తప్పు" అని వ్రాసి ఊరకుంటిని.

వేఱొక సంగతి. పదునొకండు రూపాయలు ఒక్క నరసింహారెడ్డివి. ఆయన వెంట నడచిన వందలమందికి ఆ రూపాయలతో పనియేమి? ఈ ప్రశ్న పాటలోను స్పష్టముగా లేదు, చలనచిత్రములోను లేదు. దానికి జవాబు కట్టుబడివారి మాన్యములలో నున్నది. గ్రామములలో కావలి కాచుచు, అవసరమైనప్పుడు పాళెగానికి బంట్లుగా నిలుచుచు, అందులకై మాన్యములనుభవించిన వారు కట్టుబడివారు. కుంఫిణీవారు ఆ మాన్యములను ఒక్కొక్కటిగా సర్కారులో కలుపుకొనసాగిరి. తండ్రి చనిపోయినచో కొడుకునకు భూమి లేదు. తాతలనాటి చేను పోయినవాడు కొడవలిని ఇంకొక పనికి వాడుటలో వింత లేదు. నరసింహారెడ్డి కోపము వారి కోపమును కలుపుకొన్నది. వారి కోపము లేకున్నచో ఆయన కోపము ఉయ్యాలవాడ అరుగు దాటకపోయెడిది. నా మట్టునకు ఈ తిరుగుబాటులో ఘనమైన భాగము అదియే.

"దేశముకొఱకు" అను మాట మాత్రము ఏమగును? 1846లో దేశమన్న మాటకు అర్థమేమి? మన పల్లెలలో నేటికిని "వాడు దేశంమీద పోయినాడు" అందురు. ఆ దేశము కాశ్మీరమునుండి కన్యాకుమారి వరకు గలది కాదు. ఊరి పొలిమేరకు ఆవలనున్న లోకము. కర్నల్ మెకంజీ సేకరింపించిన కైఫీయతులను తిరుగవేసినచో గండికోట సీమ, కందనవోలు సీమ, నొస్సము సీమ కానవచ్చును. జనులు తమదని చెప్పుకొన్న నేల అంతమేరకే యుండెను. తన సీమలో పరాయివాడు పన్ను వేయగూడదని పోరినవానికి మనము తరువాత మన దేశమును అప్పగించితిమి. అది తప్పనను, ఏ జాతియైనను తన పూర్వులకు అట్లే చేయును. అయితే ఆ పని చేసినది మనమని గుర్తుండవలెను.

పాళెగాండ్రను గూర్చియైనను ఏకాభిప్రాయము లేదు. 1800 సంవత్సరమున నిజాము ఈ జిల్లాలను కుంఫిణీవారి కిచ్చివేసిన తరువాత థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి 1807 వరకుండెను. ఇచ్చటి పాళెగాండ్రు ఎనుబదిమందియని లెక్క. వారందఱును గ్రామములను దోచువారని ఆయన నమ్మకము. కొందఱిని తఱిమెను, కొందఱికి తవర్జీ లిచ్చెను. ఆయన కాఠిన్యమును లండనులోని డైరెక్టర్లు సైతము కొంత ఆక్షేపించిరి. అయినను రైతులతో నేరుగా పన్ను ఒప్పందము చేసికొన్న ఆ మన్రోను ఈ సీమ జనులే దేవునివలె తలచి, బిడ్డలకు మన్రోలప్ప యని పేరుపెట్టుకొనిరి. 1827లో ఆయన మన పత్తికొండ యొద్దనే కలరాతో చనిపోయెను. పాళెగాని పాటయును మన్రోలప్ప పేరును ఒకే మట్టిలో మొలచినవి. పాళెగాని కావలి క్రింద చల్లగా బ్రదికిన ఊరుండును. వానికి కప్పము కట్టలేక కొంపలు వదలిన ఊరుండును. ఏ ఊరివాడు చెప్పుచున్నాడో తెలియక "పాళెగాండ్రు ఇట్టివారు" అని తీర్పు చెప్పుట తొందరపాటు.

ఇప్పుడు అదే ఊరిలోని రెండవ రెడ్డి యొద్దకు వత్తము.

ఉయ్యాలవాడలోనే బుడ్డా వెంగళరెడ్డి యను దాత యుండెను. కఱవుకాలమున వేలమందికి గంజి పోసి బ్రదికించెననియు, అందులకు విక్టోరియా రాణి పేరిట సర్కారువారు ఆయనకు బంగారు పతకమిచ్చి గౌరవించిరనియు ప్రసిద్ధి. నరసింహారెడ్డి పాట పాడు జనులే ఈయన పాటయును పాడిరి. ఆచార్య తంగిరాల వెంకటసుబ్బారావుగారు ఆ పాటలను సేకరించి ఇద్దఱిని గూర్చియు ఒకే గ్రంథము వ్రాసి, దానికి "రేనాటి సూర్యచంద్రులు" అని పేరిడిరి. ఆ పేరు ఎంత ఉచితమో ఉయ్యాలవాడకు పోయి ఒక పూట కూర్చుండినవారికి తెలియును.

ఆ కఱవు ఏది? 1866 నాటి ధాత కఱవని కొన్నిచోట్ల అచ్చయి యున్నది. తెలుగు ఉపాధ్యాయులు ఇచ్చట ఒక్కక్షణము ఆగి వ్రేళ్లు మడచి లెక్కింపవలెను. 1867లో ప్రభవ. అక్కడినుండి పదియవది ధాత; అనగా 1876. 1866 ధాత కానేరదు, అది అక్షయ. పేరు అక్షయయైనను ఆ యేటను మద్రాసు రాజధానిలో కఱవున్నమాట నిజమే. కాని జనులు తరతరములుగా "ధాత కఱవు" అని తలచుకొని వణకునది 1876లో మొదలై 1878 వరకు సాగినది. పంతులుగారికి పంచాంగము ఇట్టిచోట పనికివచ్చును.

ఆ ధాత కఱవు కర్నూలు జిల్లాను ఎంత పాడుచేసినదనగా, 1871 జనాభాతో 1881 జనాభాను పోల్చిన సుమారు నాలుగవవంతు మనుష్యులు లెక్కకు రారైరి. చచ్చినవారు కొందఱు, "దేశంమీద" పోయినవారు కొందఱు. ఆ కఱవు నడుమ, 1877 జనవరి 1వ తేదీన, ఢిల్లీలో దర్బారు చేసి విక్టోరియాను భారతచక్రవర్తినిగా చాటిరి. అదే నెలలో సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు వచ్చి, కఱవుపనులలో రాళ్లుకొట్టు కూలికి దినమునకు ఒక పౌను ధాన్యము వెల చాలునని తగ్గించెను. ఒక పౌనుతో పనిచేయు మనిషి బ్రదుకడని మద్రాసు ఆరోగ్యశాఖాధిపతియైన కార్నిష్ ఎదురు వాదించెను. తెల్లదొరలలోను అభిప్రాయభేదములుండెను, ఆ భేదము ఒక పౌను జొన్నలమీద. అప్పటికే కర్నూలు–కడప కాలువ నంద్యాల మీదుగా పాఱుచుండెను. ఒక ప్రైవేటు కంపెనీ దానిని త్రవ్వినది. నల్లరేగడి రైతులు నీళ్లు కొనకపోవుటచే కంపెనీ నష్టపడినది. 1882లో సర్కారు దానిని కొనుక్కొన్నది. ఆ కాలువ గట్టున నిలిచి కఱవు పాఠము చెప్పినచో పిల్లలకు బాగుగా పట్టును.

బుడ్డా వెంగళరెడ్డిని గూర్చి నా తోటివారిలో ఒకరు, "పరప్రభుత్వమిచ్చిన పతకము పుచ్చుకొన్నవానిని నరసింహారెడ్డి ప్రక్కన ఎట్లు నిలుపుదురు?" అని నాతో వాదించిరి. ఆయన దేశభక్తిని నేను గౌరవింతును. అయితే గంజికై వచ్చినవాడు పోయువాని మెడలో ఏమున్నదో చూచునా? వాదమునకు ఇంకొక ముఖమును కలదు. నరసింహారెడ్డి తల 1877 దాక కోయిలకుంట్లలో వ్రేలాడిన మాట నిజమైనచో, ధాత కఱవులో గంజికి బారులు తీరినవారిలో ఆ తలను కన్నులార చూచినవారు ఉండియే యుందురు. ఒక ప్రభుత్వము ఒకే ఊరివారిలో ఒకనికి ఉరిత్రాడు, ఒకనికి పతకము ఇచ్చినది. ఒకడు తమ పని చెఱిపినవాడు. ఒకడు తాము చేయవలసిన పనిని తన ధాన్యముతో చేసినవాడు. పతకము ఖరీదు గంజి ఖరీదుకంటె తక్కువయే.

ఈ అభిప్రాయభేదములు పల్లెలకే చెందినవని తలపరాదు. మన నంద్యాల పట్టణము ఒక పేరును గూర్చి ఇట్టి వాదమునకే నెలవైనది. 1928 నవంబరు నెలలో ఇచ్చట సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి అధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగినది. ఆ సందర్భముననే కడప కోటిరెడ్డిగారి అధ్యక్షతన దత్తమండలములవారు ప్రత్యేకముగా సమావేశమైరి. నిజాము ఇచ్చివేసినందున వచ్చిన దత్తమండలమను పేరు మనకు అవమానకరమని, దానికి బదులు రాయలసీమ యనవలెనని అచ్చట నిశ్చయించిరి. ఆ పేరు పెట్టినవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారని చాలకాలము చెప్పుచు వచ్చిరి, ఇప్పటికిని చెప్పువారున్నారు. సభలో ఆ పేరు సూచించినవారు చిలుకూరి నారాయణరావుగారనియు, తీర్మానముగా ప్రవేశపెట్టినవారు పప్పూరి రామాచార్యులుగారనియు పరిశోధకులు తేల్చిరి. నారాయణరావుగారు ఉత్తరాంధ్రమున పుట్టి అనంతపురము కళాశాలలో ఉపన్యాసకులుగా నుండినవారు, ఆంధ్రభాషాచరిత్ర కర్తలు. మన సీమకు పేరు పెట్టినవాడు బయటినుండి వచ్చిన ఒక తెలుగు పంతులు! ఇందులకు నాకు లోలోపల కొంత గర్వము కలదు; పాఠకులు క్షమింతురుగాక.

ఆ కథలో ఇంకొక చమత్కారము. 1800లో నిజాము కుంఫిణీకి ధారపోసినపుడు కోయిలకుంట్ల నేరుగా తెల్లవారి క్రిందికి పోయినది. నంద్యాల, సిరివెళ్ల మాత్రము కర్నూలు నవాబు పాలనలోనే మఱి నలువదియేండ్లకు దగ్గఱగా నుండెను. కుంఫిణీకి దక్కినది నవాబు కట్టు కప్పము. 1839లో నవాబు గులాం రసూల్ ఖానును తొలగించిన తరువాతనే ఈ నేల నేరుగా వారిదైనది. దత్తమను మాటను త్రోసివేసిన ఊరు తానే పూర్తిగా దత్తము కాకుండెను! ఈ సంగతి చెప్పినపుడు ఒక విద్యార్థిని, "అయితే మనకు అవమానం తక్కువ జరిగినట్టా సార్?" అని అడిగినది. తరగతి అంతయు నవ్వినది. నేనును నవ్వితిని. కాని నవాబు క్రింద నంద్యాల రైతు సుఖపడెనా, మన్రో క్రింద కోయిలకుంట్ల రైతు సుఖపడెనా యను ప్రశ్న నవ్వవలసినది కాదు. దానికి పాట లేదు, పతకము లేదు. ఎవరైన యువకుడు పూనుకొని పరిశోధింపదగినది.

క్రిందటి సంవత్సరము ఆ పాత విద్యార్థి మా ఇంటికి వచ్చెను. ఇప్పుడు వాడు ఒక ఉన్నతపాఠశాలలో సాంఘికశాస్త్రము బోధించుచున్నాడు. నేను ఇన్నేండ్లుగా చదివినదంతయు, తవర్జీ సంగతి, కట్టుబడివారి సంగతి, ధాత లెక్క, ఆయాసపడుచు వానికి చెప్పితిని. ఓపికతో వినెను. తరువాత అనెను:

"మా ఊర్లో ఒక ముసలాయన ఇద్దరి పాటలూ పాడేవాడు సార్. ముందు నరసింహారెడ్డిది. ఉరి తీసేకాడికి వచ్చేసరికి ఆడోళ్లు ఏడ్చేవాళ్లు. ఆపి, కాస్త మజ్జిగ తాగి, వెంగళరెడ్డిది ఎత్తుకునేవాడు. ఎవరు గొప్పని మేమెవరమూ అడగలేదు సార్. కాలేజీకి వచ్చినాకనే ఆ ప్రశ్న వచ్చింది."

కొంతసేపు ఊరకుంటిని. ఆనాటి వ్యాసపు కాగితము ఇంకను ఉన్నదా యని అడిగితిని. ఉన్నచో ఆ ఎఱ్ఱమాటను కొట్టివేయవలెనని నా కోరిక.

"ఎక్కడుంటాది సార్, మా అమ్మ ఎప్పుడో పొయ్యిలో పెట్టింది" అని నవ్వెను.

మార్కుల రిజిస్టరు మాత్రము కళాశాల బీరువాలోనే యుండవలెను. ఇరువదికి ఆఱు.